పసుపు చుక్కల పెడల్

"గా పెడల్ మీది పసుపు మరకలు తుడువు. మంది జూస్తే ఇజ్జత్ పోతది," అన్నాడు మా ఆయన సాలోమోను, నేనిచ్చిన చాయ్ తాగుతూ.

అవి మరకలు కావు. గిటారుకూ యాంప్లిఫయర్‌కూ మధ్య పెట్టే ఆ పెడల్ మీద ఏ నాబ్ ఎంతవరకు తిప్పాలో నేను పెట్టుకున్న గుర్తులు. ఆర్మూర్ మార్కెట్లో పసుపు కొమ్ములు ఏరే చేతులు నావి, వేలితో నొక్కితే చాలు, చుక్క పడుతుంది. సికింద్రాబాదులో సెకండ్‌హ్యాండుది కొనుక్కొచ్చిన రోజు ఆయన నాబులన్నీ చివరిదాకా తిప్పి, కేసెట్లో విన్న హెవీ మెటల్ వస్తుందనుకున్నాడు. వచ్చింది దోమల రొద. ఆయన బ్యాండులో డ్రమ్స్ మొదలైతే అదీ వినపడదు. ఆయన దుకాణానికి పోయాక, వంటా బట్టలూ ముగించుకుని, నేను ఒక్కో నాబ్ తిప్పుతూ కూర్చునేదాన్ని. నా చెవిలో ఉన్నది పసుపు పాలిష్ పట్టే ఇనుప డ్రమ్ము చప్పుడు. గరుకుగా, బరువుగా కడుపులోకి దిగే చప్పుడు. చప్పుడును గరుకు చేసే డిస్టార్షన్ నాబ్ సగానికి తగ్గించాను. ఆయన పూర్తిగా తగ్గించిన మిడ్‌ను, అంటే మధ్య స్వరాల నాబ్‌ను, పెంచాను. గిటారు మీద తీగలు బిగించే బ్రిడ్జి దగ్గర, తీగల మీద అరచేతి అంచు ఆనించి కొట్టాను. గోడ మీది గిన్నెలు అదిరాయి. ఇంటి కోడలికి ఇదేం పని అని మా అత్త ఎస్తేరమ్మ సణిగింది. పెళ్ళికి ముందు వేల్పూర్ చర్చిలో గిటార్ వాయించింది నేనేనని ఈ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

ఆ సాయంత్రం ఆ చప్పుడు విని ఆయన మురిసిపోయాడు. "నిజామాబాద్ ప్రోగ్రాంల ఒక పాట నువ్వే కొట్టాలె ఆశమ్మా," అన్నాడు. నమ్మాను. వేళ్ళు కాయలు కాసేదాకా సాధన చేశాను. తీరా అక్కడికి వెళ్ళాక నన్ను స్టేజీ వెనక అన్నం గిన్నెల దగ్గర కూర్చోబెట్టాడు. ఇంత సౌండ్ ఎలా వచ్చిందని కాలేజీ పిల్లలు చుట్టూ మూగితే, మస్తు తిప్పలు పడ్డానని చెప్పుకున్నాడు, నా వైపు చూడకుండా. నా ఒళ్ళు మండిపోయింది. పరాయివాడు చేసినా ఇంత బాధ ఉండేది కాదు.

ఇప్పుడు నా వేలి గుర్తులు కూడా వద్దట. సరేనని సబ్బుగుడ్డ తెచ్చి ఒక్కటీ మిగలకుండా తుడిచాను. తుడుస్తుంటే నాబులన్నీ కదిలిపోయాయి, నేను సరిచేయలేదు.

ఆదివారం ఆర్మూర్‌లోనే ప్రోగ్రాం. స్టేజీ మీద మళ్ళీ దోమల రొద. నాబులు అటూ ఇటూ తిప్పి, జనం నవ్వుతుంటే చెమటలు పట్టి, చివరికి గిన్నెల దగ్గరున్న నన్ను సైగ చేసి పిలిచాడు. వెళ్ళాను. నాబులు సరిచేసి, విని చూడాలని గిటార్ అడిగి భుజాన వేసుకున్నాను. ఒక్క దెబ్బ కొట్టగానే నవ్వులు ఆగిపోయాయి.

"అయింది గద, ఇంక గిటార్ ఇయ్యి," అన్నాడు చెయ్యి చాపి.

"ఒక పాట నాదంటివి గద. జర గిన్నెల కాడ నువ్వు కూసో," అన్నాను. డ్రమ్స్ అబ్బాయికి తలూపాను.