దర్జీ సాలీడు

పెరట్లో ఉన్న సాలీళ్లలో ఏది ఏదో కళ్లకి గంతలు కట్టినా చెప్పేస్తానని డప్పు పక్కింటి పిన్నితో అంది. ఊళ్లో ఇంకెవరికీ లేని విద్యట. వాళ్లమ్మ పక్కన కూర్చోబెట్టుకుని మరీ నేర్పిందట. డప్పు వస్తోందంటే సాలీళ్లు కూడా కాళ్లు సర్దుకుని కూర్చుంటాయట.

"అయితే అదేంటే?" అంది పిన్ని, ఓ తొట్టి కిందికి చూపిస్తూ.

డప్పు వంగి, కన్ను చికిలించి చూసింది. "అదా. ఎడారి జాతి. మగది. నిద్రపోతోంది, గట్టిగా మాట్లాడకు."

పిన్ని చెప్పు కొసతో తోసింది. ఎడారి జాతి మగది వెల్లకిలా పడింది. ఎండిపోయిన టమాటా తొడిమ.

"చచ్చినట్టు నటిస్తోంది," అంది డప్పు, మొహంలో ఏ మార్పూ లేకుండా.

ఆ పిల్లని డప్పు అని ఊరికే అనరు. చిన్నప్పుడు దోమ కుడితే గద్ద తన్నుకుపోబోయిందని ఏడ్చేది. ఇప్పుడు పెరట్లో వాళ్లమ్మ పెంచిన మొక్కలు అమ్ముతోంది. వాడిపోయిన మొక్క ఉంటే, "అలిగిందండీ, రెండు మంచి మాటలు చెప్పండి, చిగురేస్తుంది" అని అంటగట్టేస్తుంది.

పిన్ని పొట్ట పట్టుకుని నవ్వి, అంతలోనే ఆగింది. "నవ్వులాటకి కాదే. ఇంట్లో పాకే పిల్లాడున్నాడు. వీటిలో విషమున్నది ఏదైనా ఉందా?"

"పసుపు చారలది కనిపిస్తే మాత్రం వెనక్కి చూడకుండా పరిగెత్తు పిన్నీ. కుట్టక్కర్లేదు, చూస్తే చాలు. అది చూసినవాళ్లు వారం రోజులు ఎడమవైపుకే నడుస్తారు."

"పోవే!" అంది పిన్ని. కానీ కాళ్లు కాస్త వెనక్కి లాక్కుంది.

నిజమేంటంటే, డప్పుకి సాలీళ్ల గురించి ఒక్క ముక్క తెలీదు. తెలిసింది వాళ్లమ్మకి. ఆవిడ మొక్కలకి మందు కొట్టేది కాదు. పురుగుల్ని చూసుకోవడానికి నా పనివాళ్లున్నారుగా అనేది. ఇల్లు ఊడుస్తూ ఊడుస్తూ సాలెగూడు దగ్గరికొచ్చేసరికి చీపురు పక్కకి తిప్పేది. చలికాలం మొదట్లో జ్వరమని పడుకుంది. మళ్లీ లేవలేదు.

నాన్న దర్జీ. ముందుగదిలోనే మిషను. ఆవిడ పోయాక మనిషికి మాట పడిపోయినట్టయింది. కొలతలు చెప్పడానికి తప్ప నోరు తెరిచేవాడు కాదు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మిషను చప్పుడు ఆగిందంటే ఇంట్లో ఇక ఏ చప్పుడూ ఉండేది కాదు. డప్పు జోకులేస్తే గోడలైనా నవ్వేవేమో గానీ నాన్న నవ్వేవాడు కాదు.

అలాంటి మనిషి ఓ సాయంత్రం పెరటి కిటికీ దగ్గర ఆగాడు. కిటికీ ఊచకీ ఎర్రగులాబీ తొట్టికీ మధ్య గుండ్రంగా సాలెగూడు. నడిమధ్యన పసుపు చారల సాలీడు, రెండేసి కాళ్లు జతగా చాపుకుని, తలకిందులుగా. ఆ కాళ్ల వెంట తెల్లదారంతో కుట్టినట్టు వంకరటింకర గీతలు, ఇంటూ గుర్తులాగా.

"మీ అమ్మ దీన్నేమనేదే?" అన్నాడు.

అన్నాళ్లకి ఆయన తనంతట తను అడిగిన మాట అది. తెలీదంటే ఆ నోరు మళ్లీ మూసుకుపోతుంది.

"దర్జీ అనేది నాన్నా."

"దర్జీనా?"

"నీలాగే జిగ్‌జాగ్ కుడుతుందిగా మరి. పిలిస్తే పలకదు, తిండి మాత్రం కూర్చున్నచోటికే రావాలి, అచ్చం మీ నాన్నే, అనేది."

నాన్న నవ్వాడు. నవ్వుతూనే భుజం మీద టేపుతో కళ్లు తుడుచుకున్నాడు. "అనే ఉంటుంది. అనే ఉంటుంది," అన్నాడు.

ఇక రోజూ అంతే. మిషను ఆపి పెరట్లోకి వచ్చేవాడు. "ఇంకేమనేది?" డప్పు పగలంతా సాలీళ్ల వెంటపడి చూడటం, సాయంత్రానికి అమ్మ మాటలు తయారుచేసి ఉంచడం. గోడ మీద గెంతే బుల్లిది గూడు కట్టదు, మనం కదిలితే చాలు తిరిగి చూస్తుంది. దాన్ని అమ్మ 'వాచ్‌మన్' అనేదని చెప్పింది. బాత్రూంలో పొడుగుకాళ్లది ముట్టుకుంటే తన ఒళ్లంతా గజగజలాడిస్తుంది. దాన్ని 'చన్నీళ్ల స్నానం' అనేదంది. నాన్న ఒక్కో మాటా అన్నం కలుపుకున్నంత నెమ్మదిగా విని, మళ్లీ పైకి అనుకునేవాడు. అన్నం అడిగి పెట్టించుకోవడం మొదలుపెట్టాడు. గిరాకీలతో కూడా మాట్లాడుతున్నాడు. ఒకాయన లాగు పట్టుకొస్తే, "మా ఆవిడ సాలీడుకి కూడా పేరు పెట్టేదండీ" అని చెప్పాడు.

సరే, ఆ టమాటా తొడిమ రోజున పిన్ని వచ్చింది గులాబీ కోసం. అటుపక్కనున్న గులాబీ తొట్టికి చుట్టడానికి గోనె ముక్క తెద్దామని డప్పు లోపలికెళ్లింది. వచ్చేసరికి పిన్ని లేదు. "ఎర్రది తీసుకెళ్తున్నానే!" అని గోడ అవతలనుంచి కేక.

కిటికీ ఊచకి తెగిన దారాలు గాలికి ఊగుతున్నాయి.

డప్పు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చెప్పు కాలికుంది, ఒకటి చేతిలో ఉంది.

"నువ్వు చెప్పబట్టి బతికిపోయామే తల్లీ! పసుపు చారలదే! ఆకుల్లోంచి దిగి పిల్లాడివైపే వస్తోంది. ఒక్కటేశాను."

డప్పు నేల మీదికి చూసింది.

"అది ఏమీ చెయ్యదు పిన్నీ," అంది.

"మరి నువ్వేగా చెప్పావు?"

ఆ సాయంత్రం వాన వచ్చేలా ఉంది, రేపు చూద్దువులే అని నాన్నని ఆపేసింది. మర్నాటికి ఏదో ఒకటి చెయ్యాలి. వెనకగోడ దగ్గరనుంచి గోధుమరంగు సాలీడొకదాన్ని గ్లాసుతో పట్టుకొచ్చి, కిటికీ దగ్గర ఇంకో తొట్టి పెట్టి వదిలింది. తెల్లారేసరికి అది గూడైతే కట్టింది గానీ, గీత లేదు, రంగు లేదు. వంటింట్లోంచి పసుపు తెచ్చి అద్దాలని చూసింది. సాలీడు ఒప్పుకోలేదు. గీతలైనా ఉండాలి కదా అని నాన్న పెట్టెలోంచి తెల్లదారం తీసి, పటకారు కొసతో వంకరటింకరగా అంటించింది. ఆ బరువుకి గూడు కాస్త కుంగింది. మసక వెలుతురులో గట్టెక్కుతుందిలే అనుకుంది.

నాన్న వచ్చాడు. కళ్లజోడు నుదుటి మీదినుంచి కిందికి దించాడు. చాలాసేపు చూశాడు.

"దర్జీ అప్పుడప్పుడూ రంగు మారుస్తుందని అమ్మ అనేది నాన్నా, ఎండని బట్టి..."

"ముడి ఉందే," అన్నాడు.

"ఆ?"

"దారం చివర ముడి. సాలీడు ముడి వెయ్యదమ్మాయ్. నువ్వేస్తావు. గుండీ కుట్టినా అంతే, వద్దన్నకొద్దీ వేస్తావు."

డప్పు జరిగిందంతా చెప్పేసింది. పిన్నికి చెప్పిన అబద్ధం, గులాబీ, చెప్పు. నాన్న తిట్టలేదు. కిటికీ అరుగు మీద కూలబడ్డాడు.

"పోయిందా," అన్నాడు. మళ్లీ తనే, "పోనీలే. మీ అమ్మ మాటలున్నాయిగా. వాటినెవరూ చెప్పుతో కొట్టలేరు," అని, కళ్లజోడు సర్దుకుని గూటివైపు తిరిగాడు. "చెప్పు. ఈ గోధుమరంగుదాన్నేమనేది?"

మాట సిద్ధంగానే ఉంది. నాలిక చివరే ఉంది. నాన్న మెడ ముందుకు చాచి, డప్పు మొహంలోకి కాదు, దాని వెనకాల ఇంకెవరో మాట్లాడబోతున్నట్టు చూస్తున్నాడు.

"ఏమీ అనలేదు నాన్నా."

"గుర్తులేదా? నెమ్మదిగా గుర్తుచేసుకో."

"దీన్నే కాదు. దేన్నీ ఏమీ అనలేదు."

"దర్జీ అని..."

"నేనే పెట్టాను."

"వాచ్‌మన్?"

"అదీ నేనే."

నాన్న చెయ్యి మెడలో టేపుని వెతుక్కుంది. దొరికాక దాన్నలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"నాకు ఏ సాలీడూ తెలీదు. అమ్మ పిలిచేది. ఒసేయ్, ఇటు రావే, ఒకటి చూపిస్తానని. ఆ వస్తున్నా అనేదాన్ని. ఫోను చూసుకుంటూ ఉండేదాన్ని. మళ్లీ పిలిచేది, మళ్లీ వస్తున్నా అనేదాన్ని. అప్పుడిక ఆవిడే ఒక్కతీ అక్కడ నిలబడి దాంతోనే ఏదో మాట్లాడేది నాన్నా. ఏం మాట్లాడేదో... నేను వినలేదు."