నీళ్లలో మునిగిన మందు

జియోలైట్ అంటే కంటికి కనబడని చిల్లులున్న రాయి. ఇరవై రెండేళ్లుగా దాన్ని దంచి, జల్లించి, ఉప్పునీళ్లలో నానబెట్టి కడగడమే నా ఉద్యోగం. కడిగిన పొడికి మా ల్యాబు డాక్టరమ్మ సబ్బులాంటి రసాయనం పట్టించేది. అప్పుడది నొప్పిమందును పట్టుకుని, కడుపులోకి వెళ్లాక కొంచెం కొంచెంగా వదులుతుందట. ఉద్యోగంలో చేరిన రోజునుంచీ ఆవిడ నన్ను అక్కా అనే పిలిచేది. ఆవిడ కాన్పుకి వాళ్ల అమ్మకన్నా ముందు ఆస్పత్రికి చేరింది నేనే.

మనుషుల మీద పరీక్ష మొదలైనప్పుడు, నా నొప్పుల మోకాళ్లున్నాయి, నన్నూ తీసుకోమన్నాను.

"చీటీలు తీసి సగం మందికి ఉత్త రాతిపొడే ఇస్తారటగా. నాకూ అదే అంటగట్టవు కదా?"

"ఛ, నీకా? నీకు మందేనక్కా. ఆ పాత మాత్రలు మాత్రం మానెయ్."

మానేశాను. రెండు నెలలు మెట్లు దిగుతుంటే ప్రాణం పోయేది. అయినా వారం వారం ఆవిడ పుస్తకం పట్టుకుని ఎలా ఉందని అడిగితే, "బ్రహ్మాండం! పరుగెత్తి చూపించనా?" అనేదాన్ని. ఆవిడ మొహం వెలిగితే చాలనిపించేది.

నిన్న ఒక క్యాప్సూల్ చేతిలోనే ఊడి, పొడి గ్లాసు నీళ్లలో పడింది. రసాయనం పట్టిన పొడి నీళ్లను దగ్గరికి రానివ్వదు, పైన తేలుతుంది. ఇదేమో బుడగలు వదులుతూ అడుక్కి దిగింది. నా చేత్తో కడిగిన పొడి నాకు తెలియదా! మిగతావీ విప్పి వేశాను. అన్నీ మునిగాయి.

గ్లాసు తీసుకెళ్లి ఆవిడ బల్లమీద పెట్టాను.

"నీకు ముందే తెలుసా?"

ఆవిడ తల దించుకుంది. "నీ చీటీ నేనే మార్చానక్కా. మందిస్తే నా మీద ప్రేమకొద్దీ తగ్గిందంటావు. మందు లేనిపోని గొప్పగా కనబడి లెక్కలు పాడైపోతాయి."

నన్ను అంత బాగా ఎరిగిన మనిషే, ఆ ఎరుకతోనే నన్ను ముంచింది.

"ఆ పుస్తకం తియ్యవే. ఎనిమిది వారాలూ కొట్టెయ్. ఒక్కపూట కూడా తగ్గలేదు. నీకోసమే అబద్ధాలాడాను."

"అమ్మో! ఆ లెక్కలు పైవాళ్లకి పంపేశానక్కా. చీటీ సంగతి బయటపడితే నా పని అయిపోయినట్టే."

"వాళ్లకి నువ్వు చెబుతావా, నన్ను వెళ్లి చెప్పమంటావా?"

ఆవిడ కళ్లు తుడుచుకోబోయింది.

"ఏడుపు తర్వాత. ముందు పెన్ను తియ్."

మొదటి వారం మీద గీత పడేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.