నానబెట్టిన గుళికలు

దవడ కీలు నొప్పిగా ఉందని ఏ ఎలుకా నోరు విప్పి చెప్పదు. పోనీ అలిగి తిండి మానేస్తుందా అంటే అదీ లేదు. తినాల్సినంతా తింటుంది, కాకపోతే నమలడానికి ఎక్కువసేపు పడుతుంది. మందుల ల్యాబ్‌లో ఆ సేపును కొలవడమే చెల్లెలి ఉద్యోగం. బోను మీది కెమెరా చూస్తుంటుంది, కంప్యూటర్ లెక్క కడుతుంది. మందిచ్చాక ఎలుక త్వరగా తినేస్తే నొప్పి తగ్గినట్టే.

అదే ల్యాబ్‌లో ఎలుకలకు మేత వేసేదీ, బోనులు కడిగేదీ అక్క. అక్కకూ అదే జబ్బు. ఆవలించాలన్నా భయమే. బ్రెడ్డు ముక్కయినా టీలో ముంచనిదే నోట్లో పెట్టదు. ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నా, "మా చెల్లి మందు కనిపెడుతోందండీ, కాస్త ఆగండి" అని ఆయన్నే బుజ్జగించి వచ్చే మొండిఘటం.

అందుకే ఫలితాలు చూసి చెల్లెలు ఎగిరి గంతేసింది. మందు పడిన ఎలుకలు గబగబా తినేస్తున్నాయి. పడనివి నానా తంటాలు పడి నములుతున్నాయి. రిపోర్టు పంపేముందు అక్క చెవిన వేద్దామని ఎలుకల గదికి పరుగెత్తింది.

"మందు పనిచేసిందే అక్కా!"

అక్క దవడ పట్టుకుని మరీ నవ్వింది. ఆ సంబరంలోనే చెల్లెలు ఒక బోనులోని మేతగిన్నె సర్దబోయింది. గట్టిగా తగలాల్సిన మేత గుళిక వేలికి ముద్దలా అంటుకుంది. మందు పడిన ఎలుకల గిన్నెలన్నీ అంతే. మిగతా వాటిలో మాత్రం గుళికలు పొడిగా, గట్టిగానే ఉన్నాయి.

"వీటిలో నీళ్ళు పోశావా?"

"కొంచెం చిలకరించా. నీ మందు పడ్డాక మగతగా ఓ మూల కూర్చుంటున్నాయే! వీటికే నొప్పెక్కువనుకున్నా, చూళ్ళేకపోయా. ఏం, పొయ్యకూడదా?"

చెల్లెలు వేలికంటిన ముద్దను చూసుకుంది. మెత్తగా నానిన తిండి ఎవరైనా గబగబా తింటారు. ఇక మందు గొప్పో, నీళ్ళ గొప్పో తేలేదెలా? పొయ్యకూడదని అక్కకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని తనకూ తోచలేదు. నోరు మూసుకుని రిపోర్టు పంపేద్దామా అన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ రేపు ఆ మందు మింగేది అక్కే.

"మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. అన్నిటికీ పొడి గుళికలే."

"నొప్పితో ఉన్నవాటికి ఆ రాళ్ళా?" అక్క మొహం మాడిపోయింది.

"నీకు కష్టమైతే మేత వేసే పని ఇంకొకరికి చెప్తాలే."

"వద్దు, నేనే వేస్తా. ఇంకొకళ్ళు విసిరేసి పోతారు. నేనైతే కాసేపు దగ్గర కూర్చుంటా."

అన్నట్టే కూర్చుంది. నీళ్ళ జోలికి మాత్రం పోలేదు.

కొత్త లెక్కలు వచ్చిన రోజు చెల్లెలు పరుగెత్తలేదు. ఈసారి మందు పడినవీ, పడనివీ ఒకే తీరు. అక్కకు ఏమని చెప్పాలో కూడబలుక్కుంటూ ఎలుకల గదిలోకి వెళ్ళింది. అక్క బోను ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంది.

"అక్కా, ఆ మందు..."

"చూస్తూనే ఉన్నాగా. పాపం, అన్నీ ఒక్కలాగే తంటాలు పడుతున్నాయి." అక్క వెనక్కి తిరగలేదు. "ఏడవకు. ఆపరేషన్ రోజు సెలవు పెట్టుకో, నాకు ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయం."