నురగ కట్టని ఉమ్మనీరు

మూడోసారి కుదిపినా నురగ రాలేదు.

జుమాగుల్ గాజు గొట్టాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూసింది. తల్లి కడుపులోని ఉమ్మనీటిని స్పిరిట్‌తో కలిపి గట్టిగా కుదపాలి. బిడ్డ ఊపిరితిత్తులు పండి ఉంటే పైన నురగ కట్టి పావుగంట నిలుస్తుంది. పండకపోతే ఇలాగే, ఉత్త నీళ్లు. ఇప్పుడు కోసి తీస్తే ఆ బిడ్డ గాలి అందక నీలంగా మారిపోతాడు. ఆ కొండల ఊరి ప్రసూతి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా ఆమె చేస్తున్న పని ఈ పరీక్షే.

పెద్ద డాక్టరు సాపర్‌బెక్ గుమ్మంలో నిలబడి పళ్లు కుట్టుకుంటున్నాడు. పొద్దున ఆ గర్భిణి అత్త కుల్‌బారా తెచ్చి తినిపించిన గుర్రపు మాంసం ఇంకా పళ్ల సందుల్లోనే ఉంది.

"పండాయని రాసెయ్ జుమాగుల్. మధ్యాహ్నం ఆపరేషన్ పెట్టుకున్నా."

"ఏం చూసి రాయమంటారు? మీ మొహం చూసా?"

"తొమ్మిది నెలలు నిండాయని అత్తగారే చెబుతోందిగా!"

చెప్పక ఏం చేస్తుంది! నాలుగు రోజుల్లో నూరుజ్, కొత్త ఏడాది పండగ. దాంతో పన్నెండేళ్ల జంతువుల లెక్కలో గుర్రం ఏడాది పోయి గొర్రె ఏడాది వస్తుంది. గుర్రం ఏట పుట్టినవాడు ముందుంటాడు, గొర్రె ఏట పుట్టినవాడు మందలో నడుస్తాడని కుల్‌బారా ఊరంతా చాటుతోంది. మనవడు పరిగెత్తాలట, ఊపిరి లేకపోయినా సరే.

జుమాగుల్ గొట్టం పట్టుకుని విసవిసా వార్డుకు నడిచింది. డాక్టరు వెనకే వచ్చాడు. మంచం మీద కోడలు మీరిమ్ తల దించుకుని కూర్చుంది, పక్కనే కుల్‌బారా నిలబడి ఉంది. అత్త ముందు కోడలు గొంతెత్తకూడదు. ఎన్నో నెల అని ఆసుపత్రివాళ్లు అడిగినా అత్తే జవాబు చెప్పింది.

జుమాగుల్ ఆ గొట్టాన్ని కుల్‌బారా చేతిలో పెట్టింది. "నువ్వే కుదుపు పెద్దమ్మా. నురగొస్తే సంతకం పెడతా."

కుల్‌బారా చేతి వెండి కడియాలు గలగలలాడేలా కుదిపింది. రాలేదు.

"మీ స్పిరిట్టే కల్తీది," అంది. "మా అమ్మ ఏడుగుర్ని కన్నది. ఏ గొట్టం కుదిపిందట?"

"ఏడుగురిలో బతికిందెందరు?"

"ముగ్గురు. అయితే ఏంటంట? పోయేవాళ్లు పోతారు."

సాపర్‌బెక్ నవ్వాడు. ఛీ, ఇతనూ ఒక డాక్టరే!

"అత్తయ్యా," అంది మీరిమ్. అందరూ అటు తిరిగారు. "నాకు ఎనిమిదో నెల ఇంకా నిండలేదు. మీకూ తెలుసు. నన్ను కొయ్యొద్దు."

"నీకు నోరెప్పుడు లేచిందే?"

డాక్టరు నవ్వు ఆగిపోయింది. పక్క మంచాల మీది నలుగురు గర్భిణులు చెవులు రిక్కించి వింటున్నారు. అతనికి పట్టుకున్నది బిడ్డ మీద జాలి కాదు, కుర్చీ పోతుందన్న భయం.

"సరే, సరే. మూడు వారాలాగి చూద్దాం," అని గోడకు చెప్పినట్టు చెప్పి జారుకున్నాడు.

కుల్‌బారా దుప్పటి లాగింది. మంచం కింద ఉన్న కోడలి చెప్పులు కూడా వదలకుండా సంచిలో కుక్కింది.

"కనేసుకో నీ గొర్రెపిల్లని. నా గడప మాత్రం తొక్కకు."

ఆమె వెళ్లాక మీరిమ్ చల్లటి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడింది.

"అక్కా, ఈ మూడు వారాలు నన్ను ఇక్కడే ఉండనిస్తారా?"

మంచం ఎవరికివ్వాలో చెప్పేది సాపర్‌బెక్కే. వెళ్లి ఆ మనిషినే బతిమాలుకోవాలి. జుమాగుల్ బయల్దేరింది.