చేపల సైటు బతికే ఉందా?

తను చూడని క్షణంలోనే ఏదో ఒకటి ఆగిపోతుందని నిస్సీకి భయం. దొంగలన్నా పాములన్నా ఆమెకు అంత భయం లేదు. పొయ్యి మీద పాల దగ్గర్నుంచి ట్యాంకు నింపే మోటారు దాకా అన్నిటి మీదా ఒక కన్ను వేసి ఉంచేది. రెండో కన్ను మాత్రం ఉయ్యాల్లో ఉన్న ఎజ్రా ఊపిరి మీదే. వాడు నిద్రపోతే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. వెచ్చగా తగలగానే వంటింట్లోకి వెళ్ళేది. పోపు చిటపటలాడేలోపు మళ్ళీ వచ్చి వేలు పెట్టేది. వాడు ఉలిక్కిపడి లేచి ఇల్లెగిరిపోయేలా ఏడిస్తే, "హమ్మయ్య, బాగానే ఉన్నాడు" అని ఎత్తుకునేది.

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా పెళ్ళయి ఆమె చదువు ఆగిపోయింది. అదీ తను చూడనప్పుడే ఆగిందని ఆమెకొక అనుమానం.

అలాంటి మనిషికి ఆమె భర్త మనోజ్ సర్వర్‌ని చూసే పని అప్పగించాడు.

సర్వరంటే అదేదో భవనమంత ఉంటుందనుకోకండి. ఏలూరు పాత బస్టాండు దగ్గర మందుల షాపు మీద మనోజ్‌కి ఒక గది ఉంది. అందులో పక్క రేకు ఊడదీసిన ఒక కంప్యూటరు, దానికి ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాను, అంతే. ఆకివీడు చేపల రైతుల సంఘానికి పెద్ద అయిన సుబ్బరాజు గారు, రోజూ బొచ్చె ధరెంతో శీలావతి ధరెంతో కనబడే వెబ్‌సైటు ఒకటి కావాలన్నారు. మనోజ్ రాశాడు. ఎక్కడ ఎవరు ఆ పేజీ తెరిచినా ఈ పెట్టే జవాబు చెప్పాలి. సంఘం మీటింగు నాటికి సైటు పడిపోకుండా నిలబడితే వాళ్ళ పనంతా మనోజ్‌కే. పడిపోతే పని హైదరాబాద్ కంపెనీకి పోతుంది. దాని వెనకాలే మనోజ్ కూడా ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాద్ పోవాలి.

నిస్సీకి ఆ మాటే పట్టుకుంది. హైదరాబాద్‌లో ఉన్న మనిషి ముక్కు దగ్గర వేలెలా పెడుతుంది?

సైటు పెట్టిన కొత్తల్లోనే సుబ్బరాజు గారి దగ్గర్నుంచి ఇంటికి ఫోనొచ్చింది. రాజుగారికి కోపం ఎంత పెరిగితే మర్యాద అంత పెరుగుతుంది.

"ఏవండీ మనోజ్ గారూ, తమరి సైటు ప్రకారం ఇవాళ రెండువేల సంవత్సరం జనవరి ఒకటో తారీఖంటండి."

"అయ్యో, చూస్తానండి రాజుగారూ."

"చూడండి. ఆ తారీఖుకి నా చెరువింకా వరిచేనండి. అందులో చేపలెలా పట్టమంటారో తమరే సెలవివ్వండి."

మనోజ్ స్కూటరేసుకుని పరిగెత్తాడు. పెట్టె లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపించేది అదే. అది చచ్చిపోవడంతో, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సర్వరు తన పుట్టినరోజుకెళ్ళిపోతోంది. కొత్త బ్యాటరీ వేస్తే తేదీ దారిలో పడింది.

"చూశారా," అంది నిస్సీ, "మనం చూడనప్పుడే ఆగిపోయింది."

"అయితే నువ్వే చూస్తూ ఉండు," అన్నాడు మనోజ్. నోటి మాటగా అన్నాడు. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరుకి కొత్తగా బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఆమెను దాని ముందు కూర్చోబెట్టి ఒక మీట చూపించాడు. "ఇది నొక్కితే పేజీ మళ్ళీ వస్తుంది. రేట్లు కనబడితే సర్వరు బతికున్నట్టు. ఎర్రక్షరాలు కనబడితే నాకు ఫోన్ చెయ్యి. అప్పుడప్పుడూ చూస్తే చాలు."

అప్పుడప్పుడు అంటే ఎప్పుడెప్పుడో మనోజ్ చెప్పలేదు. అదీ అతను చేసిన తప్పు.

పిల్లాడి ముక్కు దగ్గర ఒక వేలు, మీట మీద ఒక వేలు. నిస్సీకి రోజు అలా గడిచింది. రెండో రోజుకే ఎర్రక్షరాలు కనబడ్డాయి: టూ మెనీ కనెక్షన్స్. ఒకేసారి ఇంతమంది తలుపు తడితే నావల్ల కాదని పెట్టె మొర. మనోజ్ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. మర్నాడు మళ్ళీ పడింది.

ఇక నిస్సీకి తనొక్కతే చూడ్డం చాలదనిపించింది. తాడేపల్లిగూడెంలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే అక్క సిల్వియాకి ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు కూడా కాస్త చూస్తూ ఉండవే."

"ఓసి పిచ్చిమొహమా, దానికంత బతిమాలాలా? మా సెంటర్లో కంప్యూటర్లన్నిటికీ మొదటి పేజీ మీ చేపలదే పెట్టేస్తా. ఎవడు ఏం చూడ్డానికొచ్చినా ముందు బొచ్చె రేటు చూసి తీరాలి."

అత్తగారు విక్టోరియమ్మ చర్చిలో స్త్రీల సమాజంలో చెప్పింది. చర్చి సంఘంలో కంప్యూటరు అందుబాటులో ఉన్న ప్రతి ఆడమనిషీ పూనుకుంది. విక్టోరియమ్మ అక్కగారు పాపాయమ్మ గారు సరేసరి. పెదవేగిలో ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరు, ఆ వీధిలో మొదట కంప్యూటరు కొన్న మనిషి. "మీరంతా పనులున్నవాళ్ళు. నాకేం పని? పొద్దుగూకులూ నేను చూస్తాను," అని కూర్చున్నారు.

ఎంతమంది కాపలా కాస్తే అంత తరచుగా పడిపోతోంది సైటు. ఎంత తరచుగా పడిపోతే కాపలా అంత గట్టిదవుతోంది.

మనోజ్ ముఖం పీక్కుపోయింది. ఒకేసారి ఎంతమందిని లోపలికి రానివ్వాలో చెప్పే అంకె సర్వర్లో ఒకటుంటుంది. దాన్ని అమాంతం పెంచేశాడు. ఎర్రక్షరాలు పోయాయి గానీ ఈసారి పెట్టె మొత్తం బిగుసుకుపోయింది. ఆటోలో సీట్లు పెంచితే ఇంజను పెరుగుతుందా? దెందులూరు రోడ్డు మీద పదిహేనుమందిని ఎక్కించుకుని, వంతెన ఎక్కలేక వెనక్కి జారే ఆటోలా అయింది సర్వర్ పని.

ఆ ఆదివారం అతను గుడికి రాలేదు. సర్వర్ ముందే కూర్చున్నాడు. వింత ఏమిటంటే, ఆరాధన మొదలైన దగ్గర్నుంచి పెట్టె గుర్రంలా పరిగెత్తింది. ఎర్రక్షరం లేదు, బిగుసుకోవడం లేదు. పన్నెండింటికి గుళ్ళో ఆమెన్ అన్నారు. అందరూ ఇళ్ళకు చేరారో లేదో, సైటు బోర్లా పడింది.

శుక్రవారం ఉపవాస ప్రార్థన కూడిక. కూడిక జరిగినంతసేపూ సైటు రాయిలా నిలబడింది. ముగింపు పాట పాడి ఇళ్ళకెళ్ళారు, పడిపోయింది.

"ఇంకా అనుమానమేంట్రా?" అంది విక్టోరియమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ప్రార్థన ఆగితే ఆగిపోతోంది."

కంప్యూటర్ కోర్సులో అలాంటిదేమీ చెప్పలేదు గానీ, మనోజ్‌కి అప్పటికి ఏ గడ్డిపోచ దొరికినా పట్టుకునే దశ వచ్చేసింది. వెళ్ళి పాస్టరు ఆనంద్ పాల్ గారిని అడిగాడు.

"అయ్యగారూ, రాజుగారి మీటింగు అయ్యేదాకా కాస్త పెద్ద ప్రార్థనలు పెట్టగలరాండీ?"

"ఎంత పెద్దవి బాబూ?"

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకానండి."

ఆనంద్ పాల్ గారు చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "నాకేం అభ్యంతరం లేదు బాబూ. సంఘానికి ఆకలేస్తుంది, అదొక్కటే."

తర్వాతి ఆదివారం గుళ్ళో విక్టోరియమ్మ, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి లేచింది. వెనక బెంచీలో మనోజ్, పక్కన ఎజ్రాను ఒళ్ళో వేసుకుని నిస్సీ. "మా అబ్బాయి సైటు కోసం మీరంతా ప్రార్థిస్తున్నారు, చూస్తున్నారు. మీ అందరికీ వందనాలు," అంది విక్టోరియమ్మ.

"మాదేముందండీ," అంది ముందు వరసలోంచి రాజ్యం టీచరు. "మా స్కూల్ ల్యాబులో పిల్లలందరి చేతా పీరియడ్‌కి ఒకసారి నొక్కిస్తున్నాను."

"మా ఆఫీసులో నేను కాఫీ కూడా మానేశానండీ. నొక్కుతూనే ఉంటున్నా," అంది మరొకావిడ.

"అక్కావాళ్ళ సెంటర్లో కూడానండీ," అంది నిస్సీ ఉండబట్టలేక.

మనోజ్ మెల్లగా ఆమె వైపు తిరిగాడు. "ఏ అక్క? ఏ సెంటరు?"

పాస్టరు గారు నవ్వాపుకుంటూ అన్నారు: "బాబూ, ప్రార్థనలో మనమంతా చేతులు కట్టుకుని కూర్చుంటాం కదా. దేవుడి కృప మాట తర్వాత, ముందు ఆ చేతులు కట్టుకోవడమే నీ పెట్టెకి పని చేసిందేమో చూడు."

తలలన్నీ వెనక బెంచీ వైపు తిరిగాయి. ఎజ్రా ఒక్కడే "బ్బ" అన్నాడు.

నిస్సీ ముఖం కందగడ్డయింది. బతికుందో లేదో చూసి చూసి, ఊపిరాడకుండా చేసింది తనే. ఇంటి గుమ్మంలో అడిగింది. "ఏవండీ, మరి పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టినా అంతేనా?"

"వాడికి నిద్ర పోతుంది, అంతే," అన్నాడు మనోజ్. అని తలకాయ గీరుకున్నాడు. "తప్పు నీ ఒక్కదానిదీ కాదులే. ఎవరు పేజీ అడిగినా ఆ పెట్టె పాత రేట్లన్నీ మొదటి నుంచి తిరగేసి, లెక్కలు కట్టి, గీతల బొమ్మ గీసి అప్పుడిస్తోంది. నేనే అలా రాశాను. రేటు మారేది రోజుకొక్కసారే. పొద్దున్నే ఒకసారి పేజీ చేసిపెట్టి, వచ్చినవాళ్ళందరికీ అదే ఇస్తే సరిపోయేది. చేద్దామనుకుంటూనే ఉన్నాను."

"అంటే చుట్టం వచ్చినప్పుడల్లా కొత్తగా ఎసరు పెట్టి వండుతోందా నీ పెట్టె?" అంది లోపల్నుంచి విక్టోరియమ్మ. "నేనైతే ఆ కోడల్ని పుట్టింటికి పంపేదాన్ని."

మనోజ్ ఆ మధ్యాహ్నమే కూర్చుని ఒక్కసారి వండి, మూతపెట్టి, వచ్చినవాళ్ళకు వడ్డించే పద్ధతి రాశాడు. ఆటో సీట్లు మళ్ళీ తగ్గించాడు. నిస్సీ ఒక్కొక్కరికే ఫోన్ చేసి, "ఇక చూడొద్దండీ" అని చెప్పింది. "చూడమన్నదీ నువ్వే, వద్దన్నదీ నువ్వే. ఇప్పుడు నా కస్టమర్లు బొచ్చె రేటుకి అలవాటు పడిపోయారు, వాళ్ళకేం చెప్పను?" అంది సిల్వియా.

ఒక్క పాపాయమ్మ గారికే చెప్పలేకపోయింది. పెదవేగిలో ఆవిడకు బ్రాడ్‌బ్యాండ్ లేదు. ఫోన్ తీగే కంప్యూటరుకి పెడతారు. ఇంటర్నెట్లో ఉన్నంతసేపూ ఫోన్ ఎంగేజే. చూడొద్దని చెప్పడానికి ఫోన్ చేస్తే, చూస్తూనే ఉన్నారు కాబట్టి తగలదు. ఎప్పుడు చేసినా కుయ్ కుయ్ మంటూ అదే మోత.

"పోనీలే," అన్నాడు మనోజ్, "ఒక్క పాపాయమ్మ పెద్దమ్మని మోయలేకపోతే అదేం సర్వరు?"

మీటింగు రోజు వచ్చింది. ఆకివీడుకు మనోజ్ వెళ్ళాడు, ప్రార్థనకని విక్టోరియమ్మ కూడా వెళ్ళింది. ఎజ్రాకు పళ్ళొస్తూ విరేచనాలు పట్టుకోవడంతో నిస్సీ ఇంట్లోనే ఉండిపోయింది.

"ఇప్పుడు ఊరంతా నొక్కినా పడదు," అన్నాడు మనోజ్ గుమ్మంలో. "కానీ నువ్వు నొక్కకు."

"పడదంటున్నారుగా?"

"పడదు. అయినా నొక్కకు."

నిస్సీ కంప్యూటరు ప్లగ్గు తీసేసింది. కీబోర్డుని బియ్యం డబ్బాలో పెట్టి, పైన చేట పెట్టి, చేట మీద సన్నికల్లు పెట్టింది. పిల్లాడికి సగ్గుబియ్యం జావ పట్టింది. తలుపుకి తాళం వేసుందో లేదో చూసింది. చేతులు కట్టుకుంది. అంత కష్టమైన పని ఆమె పుట్టి బుద్ధెరిగి చేయలేదు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. సుబ్బరాజు గారు.

"నిస్సీ గారాండీ? తమరు నొక్కకుండా కూర్చున్నారని మనోజ్ గారు చెప్పారండి. ఇక్కడ మా సభ్యులంతా ఒకేసారి నొక్కారండి. తీసుకొచ్చిన కంప్యూటర్లన్నిట్లోనూ నొక్కారండి. పడలేదండి! పని మీదేనండి. ఇక వారిని హైదరాబాద్ పంపించకండి, మా చేపలు దిగులు పడతాయండి."

నిస్సీ ఫోన్ పెట్టేసి ఎజ్రాను ఎత్తుకుని గది చుట్టూ గిరగిరా తిరిగింది. వాడు ఆమె భుజం మీద జావ కక్కాడు. అది కూడా ఆమెకు శుభంగానే తోచింది.

ఈ కబురు ముందు పాపాయమ్మ గారికి చెప్పాలి. ఎంగేజ్ వస్తుందని తెలిసినా నంబరు తిప్పింది.

ఎంగేజ్ రాలేదు. రింగైంది.

రింగవుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

ఇన్నాళ్ళూ ఆ కుయ్ కుయ్ మోతను నిస్సీ ఎంత తిట్టుకుందో! ఆవిడ అక్కడ కూర్చుని, కళ్ళజోడు సవరించుకుంటూ, బొచ్చె రేటు చూస్తూ ఉన్నారని చెప్పిన మోత అదేనని ఇప్పుడు తట్టింది. అందరూ కలిసి ఒక పెట్టె ఊపిరి చూశారు. పెట్టెను చూసే ఆవిడ ఊపిరి ఎవరు చూశారు? జామకాయలు కోయడానికి పెరట్లోకి వెళ్ళి ఉంటారు. కునుకు తీస్తూ ఉంటారు. అంతే అయ్యుంటుంది. అయినా మళ్ళీ తిప్పింది. మళ్ళీ రింగే.

పిల్లాణ్ణి ఈ స్థితిలో బస్సెక్కించడం కుదరదు. ఆకివీడు నుంచి వాళ్ళు వచ్చేసరికి సాయంత్రమవుతుంది. అందుకని ఆమె తరఫున మిమ్మల్నే అడుగుతున్నాను. మీలో ఎవరైనా ఈ పూట పెదవేగి వైపు వెళ్తుంటే, చర్చి దాటాక ఎడమ చేతి వైపు సందులో చూడండి. ఊరి చుట్టూ పామాయిల్ తోటలుండగా గుమ్మంలో కుండీలో కూడా ఒక పామాయిల్ మొక్క పెంచుకుంటున్న ఇల్లు అదొక్కటే. తలుపు గట్టిగా కొట్టండి, ఆవిడకు చెవి కాస్త మందం. సైటు బాగుందని, ఇక చూడక్కర్లేదని, నిస్సీ చెప్పమందని చెప్పండి. నిద్ర చెడగొట్టారని మిమ్మల్ని తిడితే మరీ మంచిది. తిట్టారంటే బాగున్నట్టే. పదిసార్లు అక్కర్లేదు, ఒక్కసారి చూసి రండి.