బోరునీళ్ల మరకలు

భద్రాచలంలోని ఒక లాడ్జిలో బాత్రూములు కడిగే పనికి తండా నుంచి జమ్లి వచ్చి వారం కూడా కాలేదు. అప్పుడే మేనేజర్ కళ్లెర్రజేశాడు. సాయంత్రానికల్లా టైల్స్ మీది బోరునీళ్ల మరకలు పోకపోతే రేపటి నుంచి రావద్దన్నాడు.

పై అంతస్తులో పాత పనామె సువర్ణ కడిగిన టైల్స్ మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి. ఆమె యాసిడ్ సీసాను కొంగుచాటున పట్టుకుపోయి, తలుపు వేసుకుని కడుగుతుంది. అడిగితే, "నీకెందుకే పిల్లా? బ్లీచింగ్ జల్లి రుద్దు, పోతయ్" అంటుంది. తన పని ఊడగొట్టడానికే ఈ దాపరికమని జమ్లికి అనుమానం పట్టుకుంది.

మధ్యాహ్నం సువర్ణ అన్నానికి పోగానే జమ్లి ఆ సీసా తెచ్చి, అప్పటికే బ్లీచింగ్ చల్లి ఉన్న టైల్స్ మీద ఒంపింది. గుప్పున ఘాటు లేచింది. గొంతు పట్టేసింది, కళ్లు మండిపోయాయి. దగ్గు విని పరుగెత్తుకొచ్చిన సువర్ణ ఆమెను రెక్క పట్టి వరండాలోకి లాగింది.

"సస్తువు గదనే! బ్లీచింగ్ మొత్తం కడిగినంకనే యాసిడ్ ముట్టాలె."

"గా మాట మొన్ననే చెప్తే ఏం పోతుండె అక్కా?"

సువర్ణ చూపు తిప్పుకుంది. "నీ గదులు గూడ మెరిస్తే, పాతదాన్ని నన్నెందుకు ఉంచుకుంటడే?"

ముక్కు మూసుకుంటూ మేనేజర్ మెట్లెక్కి వచ్చాడు. "ఎవరు కలిపిండ్రు?"

"నేనే సార్," అంది జమ్లి దగ్గుతూనే. "కలపొద్దని నాకెవ్వరూ చెప్పలే. మీరూ చెప్పలే."