బ్రేకు పైపులో గాలి

కొత్త బ్రేకు పైపు బిగించడానికి అరగంట చాలని అమ్మినవాడు చెప్పాడట. వాడి నోట్లో పంచదార పొయ్య. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే పదకొండు దాటినా మొగుడూ పెళ్ళాలిద్దరూ వరండాలో బండి దగ్గరే ఉన్నారు.

ఆయన ఇంటింటికీ పార్సిళ్ళు అందించే ఉద్యోగం చేస్తాడు. నాలుగు నెలల కిందట తడి రోడ్డు మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పి నెలయింది. మర్నాడే మళ్ళీ పనిలో చేరాలి. పాత రబ్బరు పైపు తీసేసి ఉక్కు తీగ అల్లిన పైపు వేస్తే ఒక్క వేలితో నొక్కినా బండి ఆగుతుందని ఆ అమ్మినవాడు చెప్పగానే ఎగిరి గంతేసి తెప్పించుకున్నాడు. చెయ్యి శుభ్రంగా బాగైపోయిందని రోజుకు నాలుగుసార్లు చెప్పే మనిషికి ఒంటివేలి బ్రేకు దేనికని ఆవిడకు అనుమానం వచ్చింది. అడిగితే ముఖం గంటు పెట్టుకుంటాడని ఊరుకుంది.

ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కొలత తప్పితే గుడ్డ పాడవుతుందని తెలిసిన చెయ్యి కాబట్టి, పైపు ఎక్కడా లాగిపట్టకుండా హ్యాండిలు రెండు వైపులా తిప్పి చూసి మరీ బిగించింది. చివర్ల దగ్గర బోల్టుకు అటొకటి, ఇటొకటి రాగి వాషర్లు వేసింది. బ్రేకు నూనె పడితే పెయింటు పోతుందని ట్యాంకు మీద తడిగుడ్డ పరిచింది. ఇక మిగిలింది గాలి తీయడం. ఆయన కుడిచేత్తో బ్రేకు లివరు నొక్కి పట్టుకోవాలి. ఆవిడ చక్రం దగ్గరున్న చిన్న నట్టు వదులు చేస్తే నూనెతో పాటు గాలి బుడగలు దానికి తగిలించిన సన్నటి గొట్టంలోకి వస్తాయి. నట్టు మళ్ళీ బిగించాకే ఆయన లివరు వదలాలి. ముందే వదిలితే బయటి గాలి లోపలికి దూరుతుంది.

"నొక్కండి."

"నొక్కా."

"పట్టుకున్నారా?"

"పట్టుకున్నానంటున్నాగా."

మళ్ళీ బుడగలే. సగం సీసా నూనె అయిపోయింది. లివరు మాత్రం నానిన రొట్టెలా మెత్తగా లోపలికి పోతోంది.

గుమ్మంలో కుర్చీ వేసుకున్న అత్తగారు తీర్పు చెప్పేసింది. "అమ్మాయ్, తప్పు నట్టు దగ్గరే ఉంటుంది. వాడిది చిన్నప్పట్నుంచీ ఉడుంపట్టు."

ఆవిడకు ఒళ్ళు మండింది. బోల్టులు విప్పి వాషర్లు చూసింది, మళ్ళీ బిగించింది. ఈసారి నట్టు తిప్పుతూ గొట్టం వైపు కాకుండా తలెత్తి ఆయన చేతి వైపు చూసింది. నట్టు ఇంకా బిగియక ముందే లివరు మెల్లగా వెనక్కి వస్తోంది. ఆయన మాత్రం గేటు వైపు చూస్తూ "పట్టుకున్నా" అంటూనే ఉన్నాడు.

అబద్ధమాడుతున్నాడనుకుంది ముందు. ముఖం చూశాక అది కాదని తెలిసింది. ఆయన నిజంగానే పట్టుకున్నాననుకుంటున్నాడు.

చెప్పకపోతే ఈ మనిషి రేపు బస్సుల మధ్య ఇలాగే బ్రేకు పట్టుకున్నాననుకుంటాడు. చెబితే ఈ నెలంతా కూడగట్టుకున్న ధైర్యం నీరుగారిపోతుంది. ఆవిడ చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి, కటింగుకు వాడే పల్చటి కాగితం ముక్క తెచ్చింది. దాన్ని లివరుకూ హ్యాండిలుకూ మధ్య పెట్టింది.

"దీన్ని నన్ను లాగనివ్వకండి."

"చిన్నపిల్లల ఆటలేంటే?"

"పట్టుకోండి చెప్తాను."

ఆయన పళ్ళు బిగించి పట్టుకున్నాడు. ఆవిడ పదంకెలు లెక్కపెట్టి కాగితం లాగింది. పుస్తకంలోంచి తీసినట్టు వచ్చేసింది.

"లాగావా?" అన్నాడాయన, ఇంకా గేటు వైపే చూస్తూ.

ఆయన తల తిప్పి ఆవిడ చేతిలో కాగితం చూశాడు, తన వేళ్ళు చూశాడు. ఆవిడకు ఏడుపొచ్చింది కానీ అత్తగారు చూస్తుందని దిగమింగుకుంది.

"చివరి రెండు వేళ్ళూ... నాకు తెలియట్లేదే," అన్నాడు.

"తెలిసింది కదా ఇప్పుడు. ఇటు రండి. స్పానరు ఎడం చేత్తో తిప్పండి, లివరు నేను పడతా."

చోట్లు మార్చుకున్నారు. "పట్టుకున్నావా?" "పట్టుకున్నా." ఏడోసారికి బుడగలు ఆగిపోయాయి. లివరు రాయిలా గట్టిపడింది. ఎడం చేతి ఒక్క వేలితో నొక్కి, బండిని ముందుకు తోసి చూశాడాయన. చక్రం అంగుళం కదల్లేదు. అమ్మినవాడు ఆ ఒక్కమాట మాత్రం నిజమే చెప్పాడు.

ఆయన అరుగు మీద కూర్చుని సూపర్‌వైజరుకు ఫోన్ చేశాడు. రెండు ముక్కలు మాట్లాడి నీళ్ళు నమిలాడు. చెయ్యి అనబోయి ఆగిపోయాడు.

"అది కాదు సార్... బండి బ్రేకు సరిగ్గా కుదరలేదు. రేపు రాలేను."

"అదేంట్రా, శుభ్రంగా కుదిరిందిగా," అంది అత్తగారు.

ఆవిడ గబగబా వచ్చి ఆ ఫోను వైపు వంగింది. "అవున్సార్, ఇంకా గాలి వస్తోంది. బిగించింది నేనే. నాకు సరిగ్గా చేతకాలేదు," అంది గట్టిగా, వీధంతా వినపడేలా.